చెల్లని నోటే మిగిలింది

పదేళ్లు కూడా నిండకుండా ముగిసిపోయిన టెక్సస్ రిపబ్లిక్ అచ్చువేసిన కాగితపు డబ్బును వెతుక్కుంటూ...

మా తాతయ్య ట్రంకుపెట్టెలో ప్రోనోట్ల కట్టలు రెండుండేవి. ఒక కట్టలోవన్నీ చిరిగిన కాగితాలు. రెవెన్యూ స్టాంపు మీదుగా అడ్డంగా చింపి, వెనక నల్లసిరాతో ‘పూర్తిగా చెల్లు’ అని రాసి, తేదీ వేసి, సంతకాలు పెట్టినవి. అవి తాతయ్య చేసిన అప్పులు. తీర్చి వెనక్కి తెచ్చుకున్నవి. రెండో కట్టలోవి చెక్కుచెదరలేదు. మడత నలగలేదు, స్టాంపు రంగు పోలేదు. అవి ఆయన ఇచ్చిన అప్పులు. చిన్నప్పుడు నేను ఆ రెండో కట్టే బాగుందని ముచ్చటపడితే, మా నాయనమ్మ ముఖం అదోలా అయిపోయేది. “కాగితం అంత బాగున్నదంటే సొమ్ము రాలేదన్నమాటరా” అనేది.

ఆ మాట నాకు నలభై ఏళ్ల తర్వాత, భూగోళానికి అవతలి వైపున అర్థమైంది.

నిరుడు చలికాలంలో హ్యూస్టన్ పక్కన పేర్‌లాండ్‌లో ఉంటున్న మా అక్కావాళ్లింటికి వెళ్లాను. అక్కడ బావగారి స్నేహితుడు ఒకాయన పరిచయమయ్యారు. గోదావరి జిల్లా మనిషి. చమురు కంపెనీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లుగా పాత నోట్లు సేకరిస్తున్నారు. మొదలుపెట్టింది మన నిజాం నోట్లతోనేనట. హైదరాబాదు సంస్థానం 1918లో చట్టం చేసి కాగితపు డబ్బు తెచ్చినప్పుడు దాని మీద ఉర్దూ, ఇంగ్లిషులతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ విలువ రాయించింది. “నోటు మీద తెలుగక్షరం చూశాక ఇంక ఆగలేకపోయానండీ” అన్నారు. టెక్సస్ వచ్చి స్థిరపడ్డాక మాత్రం మనసు ఇక్కడి నోట్ల మీదికి మళ్లింది. మనం ఉండే ఊరి చరిత్ర మనకు తెలియాలి కదా అన్నది ఆయన వాదన. ఓ శనివారం పొద్దున్నే నన్ను నాణేలు, నోట్లు అమ్మే సంతకు తీసుకెళ్లారు.

పెద్ద హాలు. వరసగా బల్లలు, అద్దాల పెట్టెలు, వాటి మీదికి వంగిన టేబుల్ లైట్లు. ఒక బల్ల దగ్గర ఆయన ఆగి, అమ్మే పెద్దాయనతో ఏదో చెప్పి, పారదర్శకమైన తొడుగులో ఉన్న నోటు ఒకటి నా చేతిలో పెట్టారు. ఇరవై డాలర్ల నోటు. కాగితం పల్చన. వెనకవైపు నారింజ, ఎరుపు కలిసిన రంగులో అచ్చువేసిన అల్లిక. ముందువైపు నంబరూ, తేదీ, సంతకాలూ అన్నీ కలంతో రాసినవే. ఆనాటి సిరాలో ఇనుము ఉంటుంది. అది ఏళ్ల తరబడి కాగితాన్ని తినేస్తుంది. సంతకంలో కలం గట్టిగా ఒత్తిన చోట సన్నటి చిల్లి పడింది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే ఆ చిల్లి ఒక్కటే కాదు, నోటు నడిబొడ్డున ఇంటూ గుర్తులాగా రెండు కోతలు కూడా కనిపించాయి. వాడి కత్తితో, కావాలని కోసినవి.

“ఇది చెల్లిన నోటండీ. ఖజానా సొమ్మిచ్చి, ఇంకెవరూ వాడకుండా కోసేసింది. ఇక్కడివాళ్లు కట్ క్యాన్సిల్డ్ అంటారు” అన్నారాయన. తర్వాత దాని పక్కనే ఉన్న ఇంకో నోటు చూపించారు. అదే ఇరవై డాలర్లు, అదే రంగు. కోత లేదు. ధర మాత్రం మొదటిదానికి రెండింతల పైనే. సేకర్తలకు కోత లేని నోటంటే ప్రాణం. నాకు నాయనమ్మ మాట గుర్తొచ్చింది. ఈ కోతపడని నోటు ఎవరిదో గానీ, వాళ్ల సొమ్ము రాలేదు.

ఈ కాగితాలు ఎక్కడ పుట్టాయో చెప్పాలి. 1836 మార్చి 2న బ్రజోస్ నది ఒడ్డున, వాషింగ్టన్ అనే చిన్న పల్లెలో యాభై తొమ్మిది మంది కూర్చుని మెక్సికో నుంచి తాము విడిపోయామని ప్రకటించారు. నాలుగు రోజులకు అలామో కోట పడిపోయింది. ఏప్రిల్ 21న సాన్ హసింటో దగ్గర సామ్ హ్యూస్టన్ సేన మెక్సికో అధ్యక్షుడు సాంటా అన్నా సైన్యాన్ని ఓడించింది. అసలు యుద్ధం ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. అలా టెక్సస్ రిపబ్లిక్ నిలదొక్కుకుంది. 1845 డిసెంబరులో అమెరికాలో రాష్ట్రంగా కలిసిపోయింది. ఈ మధ్య కాలమంతా అది సొంత అధ్యక్షుడు, సొంత నౌకాదళం, సొంత రాయబారులు ఉన్న దేశం. లేనిదల్లా డబ్బు.

అవును, కొత్త దేశానికి ఖాళీ ఖజానా. అక్కడ చలామణీలో ఉన్నవి మెక్సికో వెండి డాలర్లు, న్యూ ఆర్లియన్స్ బ్యాంకుల నోట్లు, పల్లెల్లో అయితే పశువులు. ఆవూ దూడా కలిపి పది డాలర్లకింద మారేవి. రాజధాని కూడా కుదురుగా ఉండేది కాదు. కొలంబియా, హ్యూస్టన్, ఆస్టిన్, మళ్లీ వాషింగ్టన్... కాగితాల పెట్టెలు బండ్లకెత్తుకుని తిరిగిన ప్రభుత్వం అది. పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ 1837 మేలో హ్యూస్టన్ నగరం వచ్చి అధ్యక్షుడు సామ్ హ్యూస్టన్‌ను కలిసినప్పుడు ఆయన నివాసం రెండు గదుల దుంగల ఇల్లు. సరిగ్గా అదే నెలలో అమెరికాలో బ్యాంకులు నోట్లకు బదులు బంగారం, వెండి ఇవ్వడం ఆపేశాయి. పొరుగున పెద్ద దేశంలోనే నమ్మకం చెదిరిపోయినప్పుడు, సరిహద్దులో పుట్టిన పసిదేశానికి అప్పు ఎవరిస్తారు?

అందుకని 1837 జూన్‌లో టెక్సస్ కాంగ్రెస్ తన మాటనే డబ్బు చేసుకుంది. 5 లక్షల డాలర్ల విలువకు ప్రామిసరీ నోట్లు అచ్చువేయడానికి చట్టం చేసింది. ఏడాదికి పది శాతం వడ్డీ. పన్నెండు నెలల తర్వాత చెల్లింపు. అంటే అచ్చంగా మన ఊరి ప్రోనోటే. చేతులు మారినప్పుడు వెనక సంతకం పెట్టాలి. అంతా మనకు తెలిసిన పద్ధతే. 1837 నవంబరు 1న మొదటివి బయటికొచ్చాయి. రాగి పలక మీద చెక్కించేందుకు వ్యవధి లేక, పత్రికకు పేర్చినట్టు అచ్చక్షరాలు పేర్చి వేసినవి. మీద ఒక అయిదు కోణాల నక్షత్రం ఉండడంతో జనం వాటిని ‘స్టార్ మనీ’ అన్నారు.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆ నోట్లు చెల్లాయి. 1838 మే దాకా ముఖవిలువకే మారాయి. ఏడాదిన్నర కిందట పుట్టిన దేశం, చేతిలో పైసా లేకుండా, ఒట్టి మాట మీద ఆరు నెలలు జనాన్ని నమ్మించగలిగిందంటే చిన్న సంగతి కాదు. హ్యూస్టన్ చేతికి వచ్చింది వచ్చినట్టు ఖర్చుపెట్టే మనిషి కాదు. నోట్లు తక్కువగా వేయాలి, సుంకాలకు వాటినే తీసుకోవాలి, వెనక్కి వచ్చినవాటిని అవతల పడేయాలి. ఆయన పద్ధతి ఇంతే.

స్టార్ మనీ ఈనాడు కనబడితే సేకర్తల గుండె ఒక్కసారి ఆగుతుంది. నన్ను సంతకు తీసుకెళ్లిన మా పెద్దాయన దగ్గర ఒకటి ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు, చూశాను. ముదురు గోధుమరంగు తిరిగిన కాగితం, నాలుగు మడతలు, మడతల దగ్గర జారిపోబోతున్న చీలికలు. అక్షరాల వరస కాస్త వంకర. తొందరలో పేర్చిన చేయి కనబడుతుంది. వెనక రెండు పేర్లు, వేర్వేరు చేతులు. ఒకటి చదువుకున్న చేయి, సాగదీసిన అక్షరాలు. రెండోది ఒక్కో అక్షరం కష్టపడి గీసినట్టు. ఎవరు ఎవరికిచ్చారో, దేనికిచ్చారో తెలియదు. పిండి బస్తాకా, గుర్రానికా, సైనికుడి జీతానికా? రాజుల గురించీ సేనానుల గురించీ పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ రెండో సంతకం పెట్టిన మనిషి రాసింది బహుశా అదొక్కటే మిగిలింది. నేను ఈ కథనం రాయడానికి కారణం ఆ రెండో సంతకం.

సంతకాల దగ్గరే ఒక సంగతి. సామ్ హ్యూస్టన్ పేరు కనబడగానే అది ఆయన చేత్తో పెట్టిందేననుకుని వేలు పోసేవాళ్లున్నారు. నిజానికి ఆయన తరఫున విలియం జి. కుక్ అనే అధికారి చాలా నోట్ల మీద సంతకం చేశాడు. కనుక ఇక్కడ కొనేవాళ్లు ముందు నోటు చూడరు, హ్యూస్టన్ ఉత్తరాల నకళ్లు ముందేసుకుని సంతకం చూస్తారు. ఆయన సంతకం పెద్దది, కింద దర్జాగా తిప్పిన గీత ఉంటుంది. చూడగా చూడగా కంటికి పట్టుబడుతుంది.

1838 చివర్లో మిరబో లమార్ అధ్యక్షుడయ్యాడు. కవి, కలలుగన్న మనిషి. టెక్సస్ పసిఫిక్ దాకా విస్తరించాలన్నాడు. విద్యాలయాలకు భూములు కేటాయించాడు. ఆ మేలు టెక్సస్ ఈనాటికీ అనుభవిస్తోంది, ఆ మాట దాచకూడదు. అయితే నౌకాదళం, కొత్త రాజధాని ఆస్టిన్, స్థానిక జాతులపై యుద్ధాలు, 1841లో సాంటా ఫే మీదికి పంపి చేతులు కాల్చుకున్న దండయాత్ర... అన్నింటికీ డబ్బు కావాలి. 1839 జనవరిలో కొత్త నోట్లు దించాడు. వీటికి వడ్డీ లేదు. ఎప్పుడు చెల్లిస్తారో తేదీ లేదు. ప్రోనోటుకు ఉండే రెండు ప్రాణాలూ తీసేసి, కాగితం మాత్రం అందంగా చెక్కించారు. వెనక ఎర్రటి అచ్చు ఉండడంతో ‘రెడ్‌బ్యాక్’ అన్నారు. నేను చేతబట్టుకున్న ఇరవై డాలర్లది అదే.

అమెరికా డాలరుతో సమానమని ప్రభుత్వం చెప్పుకుంది. బయటికొచ్చిన రోజునే బజారు దాన్ని 37 సెంట్లకు కొలిచింది. పడిపోతున్న కొద్దీ ఇంకా అచ్చువేశారు. మొత్తం 27,80,361 డాలర్ల విలువైన రెడ్‌బ్యాక్‌లు బయటికొచ్చాయి. 1842 నాటికి డాలరు నోటుకు రెండు సెంట్లు పలికితే గొప్ప. చివరికి తానిచ్చిన నోట్లను పన్నుకింద తీసుకోవడానికి ప్రభుత్వమే ఒప్పుకోలేదు. ఈ ఒక్కమాట దగ్గర నాకు ఇప్పటికీ మనసు ఆగిపోతుంది. సైనికుడికి జీతంగా ఇచ్చిన చేత్తోనే, అదే సైనికుడు శిస్తు కట్టబోతే అది డబ్బు కాదన్నారు. లమార్ గద్దె ఎక్కేనాటికి దేశం అప్పు సుమారు 33 లక్షల డాలర్లు. దిగేనాటికి 75 లక్షలు.

మధ్యలో ఒక దారి కనబడింది. యూరప్‌లో 50 లక్షల డాలర్ల అప్పు కోసం టెక్సస్ తరఫున జేమ్స్ హామిల్టన్ తిరుగుతున్నాడు. ఫ్రాన్స్ సరేననేలా ఉంది. ఆస్టిన్‌లో ఫ్రెంచి రాయబారి దుబ్వా ద సలిన్యీ. ఊళ్లో పూటకూళ్లిల్లు నడిపే రిచర్డ్ బుల్లక్‌కు పందులున్నాయి. అవి రాయబారి గుర్రాల మొక్కజొన్నలు తినడం మొదలుపెట్టి, గదిలోకి జొరబడి బట్టలూ కాగితాలూ నమిలేశాయి. రాయబారి నౌకరు పందుల్ని చంపాడు. బుల్లక్ ఆ నౌకర్ని వీధిలో పట్టుకుని కొట్టాడు. రాయబారి శిక్ష వేయమన్నాడు, ప్రభుత్వం తన చట్టం తనదంది. 1841లో ఆయన అలిగి వెళ్లిపోయాడు. అప్పు రాలేదు. పందుల వల్లే రాలేదని టెక్సస్‌లో కథలు చెప్పుకుంటారు గానీ, రెడ్‌బ్యాక్ పాతాళానికి పోతున్న దేశానికి ఏ షావుకారైనా ఆలోచించే ఇస్తాడు. ఆ రాయబారి కోసం కట్టిన తెల్ల చెక్క ఇల్లు ఆస్టిన్‌లో ఇప్పటికీ ఉంది. వెళ్లి చూశాను. వాకిట్లో నిలబడితే ఊరు మొత్తం కింద కనబడేదని ఊహించుకోవచ్చు.

రెండోసారి అధ్యక్షుడైన హ్యూస్టన్ 1842 జనవరిలో పాత నోట్లను అలాగే వదిలేసి, ఎక్స్‌చెకర్ బిల్ అనే కొత్త కాగితం తెచ్చాడు. 2 లక్షల డాలర్లకు మించి వేయకూడదని చట్టంలోనే కట్టడి. సుంకాలకూ పన్నులకూ తీసుకుంటామన్న హామీ. జనం నమ్మలేదు. రెండుసార్లు కాలినవాళ్లు కదా. కొద్ది నెలల్లోనే అదీ పావలాకు పడిపోయింది. హ్యూస్టన్ కంగారుపడి ఇంకా అచ్చువేయలేదు. జీతాలు కోశాడు, అధ్యక్షుడి జీతంతో సహా. గాల్వెస్టన్ రేవులో సుంకంగా వచ్చిన బిల్లులు ఖజానాకు చేరేవి, మళ్లీ బయటికి వచ్చేవి కావు. నెమ్మదిగా విలువ లేచింది. రిపబ్లిక్ ఆఖరి రోజులకు అవి దాదాపు ముఖవిలువకు చేరాయి.

ఇక్కడే సేకర్తకు ఒక విచిత్రం ఎదురవుతుంది. పదేళ్లలో టెక్సస్ వేసిన కాగితాల్లో నిజంగా మాట నిలబెట్టుకున్నది ఎక్స్‌చెకర్ బిల్. ఇప్పుడు అన్నింటికంటే దొరకనిది అదే. మంచిదై చెల్లింది కాబట్టి వెనక్కి వచ్చి నాశనమైంది. రెడ్‌బ్యాక్ చెల్లలేదు. ఎవరూ తీసుకోలేదు. పెట్టెల అడుగున, పుస్తకాల మధ్య, ఏదో ఒకరోజు ఎవరైనా ఇస్తారేమోనన్న ఆశతో మిగిలిపోయింది. అందుకే ఈనాడు ఓ మోస్తరు రెడ్‌బ్యాక్ కొన్ని వందల డాలర్లకు ఉద్యోగస్తుడు కూడా కొనుక్కోగలడు. ఎక్స్‌చెకర్ బిల్ కోసం జీవితాంతం ఎదురుచూసినవాళ్లున్నారు.

మరి నేను చూసిన నోటు మీద ఆ కోత ఎలా పడింది? దానికి దేశం పోయాక కథ ఉంది. 1845లో టెక్సస్ అమెరికాలో కలిసినప్పుడు అప్పులు మాత్రం టెక్సస్‌వే అన్నారు. రాష్ట్రం ఆడిటర్‌ను, కంప్ట్రోలర్‌ను కూర్చోబెట్టి ఒక్కో కాగితానికీ అసలు విలువ ఎంతో తేల్చింది. నోటు మీద ఎంత రాసుందన్నది కాదు, అది ఇచ్చిననాడు ప్రభుత్వానికి నిజంగా ముట్టింది ఎంతన్నది చూశారు. 1850లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఒక రాజీ కుదిర్చింది. ఇప్పటి న్యూ మెక్సికో, కొలరాడో, వ్యోమింగ్, కాన్సాస్, ఓక్లహామాల్లో టెక్సస్ తనదని చెప్పుకున్న భూములను వదులుకుంటే కోటి డాలర్లు ఇస్తామంది. అందులో సగం అప్పులవాళ్ల కోసం పట్టి ఉంచింది. ఆ లెక్కలు 1855 దాకా తెగలేదు. చివరికి 77 లక్షల 50 వేల డాలర్లు అప్పులవాళ్లకు పంచారు. డాలరుకు సుమారు 77 సెంట్లు దక్కాయి. అలా సొమ్ము ముట్టిన నోటుకే ఆ కోత.

దక్కింది ఎవరికి? ఇదే నన్ను బాధపెట్టింది. ఆవునూ దూడనూ ఇచ్చి నోటు తీసుకున్న రైతు 1842లోనే ఆశ వదులుకుని వచ్చినకాడికి అమ్ముకున్నాడు. టెక్సస్ కాగితాలనూ బాండ్లనూ చౌకగా పోగుచేసుకున్న ఉత్తరాది వ్యాపారులు అమెరికా రాజధానిలో మంతనాలు జరిపి లాభం తీశారు. అప్పటి ఆర్థిక రచయిత విలియం గూజ్ 1852లో టెక్సస్ ఆర్థిక చరిత్ర మీద ఒక పుస్తకమే రాశాడు. కాగితపు డబ్బంటే బొత్తిగా గిట్టని మనిషి. ఆయన కోపం అంతా నేను ఒప్పుకోను గానీ, ఆ కోపం ఎక్కడ పుట్టిందో నాకు అర్థమవుతుంది.

నోట్ల మీది బొమ్మల గురించి చెప్పకుండా ఉండలేను. అయిదు డాలర్ల నోటు మీదికి ‘డెఫ్’ స్మిత్ బొమ్మ ఎక్కింది. చెవుడు ఉన్న గూఢచారి అతను. సాన్ హసింటో యుద్ధానికి ముందు వంతెన కూల్చి శత్రువుకు దారి లేకుండా చేసినవాడు. 1837 నవంబరులో చనిపోయాడు. మామూలు మనిషి ఒకడు దేశపు డబ్బు మీదికి ఎక్కడం నాకు నచ్చింది. కానీ అదే రిపబ్లిక్ నోట్ల మీద స్థానిక ఇండియన్ల బొమ్మలూ ఉన్నాయి. ఠీవిగా, అందంగా, విల్లంబులతో. ఆ నోట్లు అచ్చవుతున్న 1839లోనే లమార్ సేన తూర్పు టెక్సస్ నుంచి చెరోకీలను తరిమేసింది. వాళ్లకు భూమి హామీ ఇస్తూ 1836లో హ్యూస్టన్ చేసుకున్న ఒప్పందాన్ని సెనేట్ కొట్టేసింది. జూలై 16న ఎనభై దాటిన వాళ్ల పెద్ద డువాలీ యుద్ధభూమిలో చనిపోయాడు. ఆయన దగ్గర హ్యూస్టన్ బహూకరించిన కత్తి ఉందంటారు. పత్తి పండించి ఆ దేశాన్ని పోషించిన నల్లజాతి బానిసల బొమ్మలు నేను చూసిన నోట్లలో లేవు. వాళ్లను పన్ను లెక్కల్లో ఆస్తికింద రాశారు. ఈ కాగితాలను ప్రేమగా దాచుకునేవాళ్లు ఈ మాటా తెలిసే దాచుకోవాలని నా కోరిక. మా పెద్దాయన ఆల్బమ్‌లో ఆ ఇండియన్ బొమ్మ నోటు కింద చిన్న చీటీ అతికించారు. మీద ‘డువాలీ, 1839’ అని తెలుగులో రాసుంది.

ఈ సరదా మొదలుపెట్టాలనుకునే తెలుగువాళ్లు ఇప్పుడు టెక్సస్‌లో తక్కువేమీ కాదు. డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల నుంచి హ్యూస్టన్ దాకా మనవాళ్ల ఇళ్లే. అందుకని నాకు జరిగింది చెబుతాను. సంతకు వెళ్లడానికి వారం ముందు, హైవే పక్కన ఒక పాత సామాన్ల కొట్టులో నేను ఒక టెక్సస్ నోటు కొన్నాను. ముదురు పసుపు రంగు, ముట్టుకుంటే అప్పడంలా కరకరలాడే కాగితం. నాకు అది పాతదనానికి గుర్తు అనిపించింది. దాన్ని చూపిస్తే మా పెద్దాయన ఏమీ అనకుండా లోపలికెళ్లి అలాంటివే మూడు తెచ్చి వరసగా పెట్టారు. నాలుగింటి మీదా ఒకే నంబరు. అవి జ్ఞాపికలుగా లక్షల్లో అచ్చువేసి అమ్మిన నకళ్లు. నిజమైన నోటు మీద నంబరు చేత్తో రాసింది, ఇంకో నోటు మీద ఉండదు. అసలు నోటు కాగితం గుడ్డపీలికలతో చేసింది. మెత్తగా, బట్టలా ఉంటుంది. కరకరలాడదు.

ఆయన ఇంకో దీపం కూడా వెలిగించారు. ఊదారంగు కాంతి. ఈ కాలం కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. 1840ల కాగితం మెరవకుండా మసకగా ఉంటుంది. కోతలు పడ్డ నోటుకు వెనక నుంచి కొత్త కాగితం అతికి, కోత లేనిదని అమ్మేవాళ్లున్నారు. ఊదా వెలుగులో ఆ అతుకు ఇట్టే బయటపడుతుంది. దీపాన్ని పక్కవాటుగా పెట్టినా సరే, అతికిన అంచు నీడ వేస్తుంది. అందుకే ఖరీదైన నోట్లను గ్రేడింగ్ సంస్థలకు పంపుతారు. వాళ్లు ఒకటి నుంచి 70 దాకా అంకె వేసి, మరమ్మతులుంటే రాసి, గట్టి తొడుగులో సీలు చేసి పంపుతారు. ఆ అంకెకు ఇచ్చే గౌరవం కాస్త ఎక్కువైందని నా అభిప్రాయం. నలిగిన నోటంటే నలుగురి చేతుల్లో తిరిగిన నోటు. దాన్ని తక్కువ చేసి చూడడం నాకు రుచించదు.

ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న అన్నింటికంటే ముఖ్యం. 1960, 70ల్లో టెక్సస్ గ్రంథాలయాల నుంచీ కచేరీల నుంచీ పాత దస్తావేజులు చాలా దొంగతనమయ్యాయి. రిపబ్లిక్ కాలపు కరపత్రాలకు దొంగ నకళ్లు కూడా పుట్టుకొచ్చి, 1980లలో ఆ గుట్టు బయటపడ్డాక పేరున్న సేకరణలే తలదించుకున్నాయి. అమ్మేవాడు అది ఎక్కడిదో రాసి చీటీ ఇవ్వనంటే, ఎంత చవకైనా, బల్ల మీదే వదిలేసి రావాలి. ఇంకొకటి, మనవాళ్లకు ప్రత్యేకించి చెప్పాలి. లామినేషన్ చేయించొద్దు. మన ఇళ్లలో డిగ్రీ పట్టాల దగ్గర్నుంచి పెళ్లి శుభలేఖ దాకా వేడి ప్లాస్టిక్‌లోకి వెళ్లిపోతాయి. దాదాపు రెండు వందల ఏళ్ల నోటుకు అది చావుతో సమానం. మెత్తటి పాలియెస్టర్ తొడుగు, చీకటి, పొడి గాలి చాలు.

సంతలో నేను కోతపడ్డ ఇరవై డాలర్ల నోటే కొన్నాను. అమ్మే పెద్దాయన కోత లేనిది చూపించి, కొన్నేళ్లలో దీని ధర పెరుగుతుందని చెప్పిచూశాడు. తీసుకోలేదు. ఇంటికొచ్చాక మా అమ్మకు ఫోన్‌లో చూపించాను. నేను చెప్పకముందే కోతను గుర్తుపట్టింది. “చెల్లు వేశారు గదరా” అంది. తాతయ్య మొదటి కట్టలోంచి ఒక ప్రోనోటు తీసి, ఫోన్ ముందు దానికి ఎదురుగా పట్టుకుంది.

తిరిగి వచ్చే ముందురోజు రాత్రి మా పెద్దాయన ఇంటికి భోజనానికి వెళ్లాం. వాళ్లావిడ చేసిన గోంగూర తిని, ఆల్బమ్ మళ్లీ మొదటి నుంచీ తిప్పాం. స్టార్ మనీ ఒకటి. స్టార్ మనీ తర్వాత పలక మీద చెక్కించి వేసిన వడ్డీ నోట్లు రెండు. రెడ్‌బ్యాక్‌లు ఒక డాలరు నుంచి అయిదు వందల దాకా, మధ్యలో మూడు డాలర్ల నోటుతో సహా. మూడు డాలర్ల నోటు అంటే మనకు వింతగానీ ఆ రోజుల్లో మామూలే. పేజీ పేజీకీ ఒక్కో నోటు, కింద తెలుగులో చీటీ. చివరి పేజీ తిప్పారు. తొడుగు ఖాళీగా ఉంది. దాని కింద చీటీ మాత్రం అంటించి ఉంది.

“ఇదేంటండీ?” అన్నాను.

“ఎక్స్‌చెకర్ బిల్లండీ. ఇరవై రెండేళ్లయింది ఆ పేజీ పెట్టి. రెండుసార్లు వేలంలో కనబడింది, అందలేదు.”

మిగతా చీటీలన్నీ పెన్నుతో రాసినవి. దీని మీద అక్షరాలు పెన్సిల్‌తో ఉన్నాయి. తేదీ వేయాల్సిన చోట ‘1842’ అని రాసి, పక్కన నంబరు కోసం ఒక గీత గీసి వదిలేశారు.

“చెరిపి రాసుకోవచ్చని” అన్నారాయన, పేజీ మూస్తూ.